బస్సు, లారీ, పెద్ద వ్యాన్ ఏసీ మనమే రిపేర్ చేసుకుని గ్యాస్ ఎక్కించుకోవడం ఎలా

ఏసీ చల్లగా రావట్లేదు అనగానే ఎవరైనా చెప్పే మొదటి మాట గ్యాస్ అయిపోయుంటుంది, కొట్టించేస్తే సరి అని. కానీ ఏసీ గ్యాస్ డీజిల్ లాగా కాలిపోయి ఖర్చయ్యేది కాదండీ, పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో దారి చేసుకుని బయటికి పోయిందనే లెక్క. పెద్ద బండ్లలో రబ్బరు హోసులు చాలా పొడుగు, కాబట్టి వాటి గోడల్లోంచీ కంప్రెషర్ షాఫ్ట్ సీల్ దగ్గరా ఏళ్ల మీద కొంచెం కొంచెం పోవడం మామూలే, కానీ పోయినసారి ఎండాకాలం నింపింది ఈసారికి ఖాళీ అయిందంటే అది కచ్చితంగా లీకే. అందుకే గ్యాస్ ఎక్కించడం ఇక్కడ దాదాపు ఆఖరి పని. ముందు లీక్ పట్టుకోవాలి, బాగుచేయాలి, లోపలి గాలీ తేమా లాగేయాలి, అప్పుడు కాటా మీద తూచి ఎక్కించాలి. ఈ వరస తప్పితే ఎన్నిసార్లు కొట్టినా డబ్బులు గాల్లో కలిసినట్టే, అక్షరాలా.

ఇదంతా ఇంజన్ బెల్టుతో కంప్రెషర్ తిరిగే బండ్ల గురించి: లారీ క్యాబిన్, మినీ బస్సు, క్యాంపర్ వ్యాన్, వెనక సీట్లకి కూడా ఏసీ ఉండే పెద్ద వ్యాన్, పైకప్పు మీద యూనిట్ కూర్చునే బస్సు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో కంప్రెషర్ వందల వోల్టుల మీద నడుస్తుంది, ఆరెంజ్ రంగు వైర్లు కనిపించాయంటే అక్కడే ఆగిపోండి, అది ఇంట్లో చేసే పని కాదు.

ముందు గ్యాస్ జోలికి పోకండి

గేజీలు బయటికి తీయకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, సగం కంప్లెయింట్లు ఇక్కడే తేలిపోతాయి. బ్లోవర్ గాలి గట్టిగా వస్తోందా, ఫిల్టర్ దుమ్ము పట్టి మూసుకుపోయిందా, కూలింగ్ కాయిల్ మీద మట్టి పేరుకుందా చూడండి. గాలి తక్కువ వస్తుంటే గ్యాస్ నిండుగా ఉన్నా లోపల చల్లదనం తెలీదు, పైగా కాయిల్ మీద ఐస్ కట్టేస్తుంది.

తర్వాత కండెన్సర్, అంటే గ్యాస్ వేడిని బయటి గాలికి వదిలే జాలీ లాంటి కాయిల్. లారీలో రేడియేటర్ ముందు ఉంటుంది, బస్సులో పైకప్పు మీదో పక్కనో. బయట నుంచి శుభ్రంగానే కనిపిస్తుంది, కానీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చ్ వేసి చూస్తే పురుగులు, దూది, దుమ్ము కలిసి దళసరిగా అట్ట కట్టి ఉంటుంది. వీలైతే లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టండి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టారంటే ఫిన్నులు వంగిపోతాయి, మామూలు పైపు నీళ్లు చాలు. కండెన్సర్ ఫ్యాన్లు అన్నీ తిరుగుతున్నాయా, సరైన దిక్కులోనే తిరుగుతున్నాయా చూడండి, ఎవరో మోటార్ మార్చి వైర్లు తారుమారు చేసుంటే ఫ్యాన్ ఉల్టా తిరుగుతూ ఉంటుంది, అది చాలామంది గమనించరు.

హీటర్ వాల్వ్ అనేది ఇంకొకటి, పెద్ద బండ్లలో దీన్ని తప్పకుండా చూడాలి. ఇంజన్ వేడి నీళ్లు హీటర్ కాయిల్‌లోకి పోకుండా ఆపే వాల్వ్ సరిగా మూసుకోకపోతే ఒకపక్క ఏసీ చల్లబరుస్తుంటే ఇంకోపక్క హీటర్ వేడి చేస్తుంటుంది, గేజీ రీడింగులు మాత్రం దాదాపు బాగానే ఉంటాయి. ఇంజన్ వేడెక్కాక హీటర్‌కి పోయే రెండు గొట్టాలూ పట్టుకుని చూడండి. ఏసీ ఫుల్లులో ఉన్నప్పుడు రెండూ కాలిపోతున్నాయంటే వాల్వ్ మూసుకోవట్లేదు.

ఇక కంప్రెషర్ క్లచ్. ఏసీ ఆన్ చేస్తే కంప్రెషర్ ముందు ప్లేటు టక్ మని అంటుకుని పుల్లీతో పాటు తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్ చూసి, కాయిల్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. కరెంటు వస్తోంది కానీ అంటుకోవట్లేదంటే కాయిల్ పోయిందో, గ్యాప్ పెరిగిపోయిందో. లారీ, వ్యాన్ సైజు కంప్రెషర్లలో 12 వోల్ట్ కాయిల్ సుమారు 3 నుంచి 4 ఓమ్‌లు చూపిస్తుంది, 24 వోల్ట్‌ది దానికి మూడు నాలుగు రెట్లు. ప్లేటుకీ పుల్లీకీ మధ్య గ్యాప్ ఎక్కువ మోడళ్లలో 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, ఫీలర్ గేజితో మూడు చోట్ల కొలవండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అంటుకుని, మధ్యాహ్నం వేడెక్కాక వదిలేస్తోందంటే ముందు గ్యాప్‌నే అనుమానించండి. అసలు కరెంటే రాకపోతే లోపల గ్యాస్ బాగా తగ్గి లో ప్రెషర్ స్విచ్ ఆపేసి ఉండొచ్చు. ఆ స్విచ్‌ని వైరుతో కలిపేసి నడపడం చాలామంది చేస్తారు, దయచేసి వద్దు, గ్యాస్‌తో పాటే ఆయిల్ తిరుగుతుంది కాబట్టి గ్యాస్ లేకుండా తిప్పితే కంప్రెషర్ ఆయిల్ లేక పట్టేస్తుంది.

ఏం సామాను కావాలి

రెండు గేజీల మానిఫోల్డ్ సెట్ (రెండు ప్రెషర్ గేజీలు, వాల్వులు, మూడు హోసులు కలిసి ఉండేది), రెండు స్టేజీల వాక్యూమ్ పంపు, గ్రాముల్లో చూపించే కాటా, రెగ్యులేటర్‌తో నైట్రోజన్ సిలిండర్, మల్టీమీటర్, థర్మామీటర్, సబ్బు నీళ్లు, కళ్లద్దాలు, గ్లోవ్స్. పంపు, నైట్రోజన్ అద్దెకి తెచ్చుకోవచ్చు, ఒక్కసారి పనికి కొనక్కర్లేదు. ఒకే ఒక్క చిన్న గేజీ ఉన్న గ్యాస్ డబ్బాలు దొరుకుతాయి కదా, అవి చిన్న కార్లకే అంతంతమాత్రం. పెద్ద వ్యాన్‌లో కిలో పైన, బస్సులో అయితే చాలా కిలోలు పడుతుంది, ఆ డబ్బాలో ఉండేది కొన్ని వందల గ్రాములు. పైగా లో సైడ్ (కంప్రెషర్‌లోకి వచ్చే తక్కువ ప్రెషర్ వైపు) ఒక్కటే చూపిస్తుంది, హై సైడ్ (కంప్రెషర్ నుంచి బయటికి పోయే ఎక్కువ ప్రెషర్ వైపు) ఎంతుందో తెలీకుండా గ్యాస్ ఎక్కించడం కళ్లు మూసుకుని బండి నడపడమే. లీక్ ఆపే జిగురు కలిపిన డబ్బాలు అసలే వద్దు, అది ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి లిక్విడ్‌ని కొంచెం కొంచెంగా వదిలేది) సన్న దారిలో గడ్డకడితే చిన్న ఓరింగు (జాయింట్‌లో ఉండే రబ్బరు రింగు) రిపేరు కాస్తా సిస్టమ్ మొత్తం విప్పే పని అవుతుంది.

జాగ్రత్తల గురించి పెద్దగా లెక్చర్ ఇవ్వను కానీ ఇవి మాత్రం మర్చిపోకండి. ఆర్-134ఎ (ఎక్కువ బండ్ల ఏసీల్లో ఉండే గ్యాస్) మామూలు గాలి పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, లిక్విడ్ చుక్క కంట్లో పడితే కన్ను గడ్డకట్టేస్తుంది, అందుకని కళ్లద్దాలు పెట్టుకోకుండా హోస్ విప్పొద్దు. గ్యాస్ గాలి కంటే బరువు, గుంటలోనో మూసిన షెడ్డులోనో పనిచేస్తే కింద చేరి ఊపిరాడదు. దగ్గర్లో మంట ఉండకూడదు, మంట తగిలితే గ్యాస్ విడిపోయి విషపు ఆవిర్లు వస్తాయి. చక్రాలకి చెక్కలు పెట్టండి, వదులు చొక్కా, మెళ్లో తాడు లాంటివి బెల్టు దగ్గర వద్దు. ఇంకోటి, పాత గ్యాస్‌ని గాల్లోకి వదిలేయడం చాలా దేశాల్లో నేరం. వాతావరణాన్ని వేడెక్కించడంలో ఒక కిలో ఆర్-134ఎ వెయ్యి కిలోల కార్బన్ డైఆక్సైడ్‌ని మించిపోతుంది. సిస్టమ్‌లో ఇంకా గ్యాస్ ఉంటే రికవరీ మెషీన్ ఉన్నవాళ్ల దగ్గర తీయించేసుకుని మిగతా పని మీరు చేసుకోండి, అదే నయం.

ఏ గ్యాస్ ఉందో తెలుసుకోండి

ఇంజన్ దగ్గరో, ఏసీ యూనిట్ మీదో స్టిక్కర్ ఉంటుంది, గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు, ఏ ఆయిల్ అన్నీ దాని మీదే ఉంటాయి. ఫోన్‌లో ఫోటో తీసుకోండి. 1990ల మొదట్లోవి, అంతకు ముందువి అయితే ఆర్-12 కావచ్చు, తర్వాతివి ఎక్కువగా ఆర్-134ఎ, కొన్ని బస్సుల పైకప్పు యూనిట్లలో ఆర్-407సి, కొత్త చిన్న వ్యాన్లలో ఆర్-1234వైఎఫ్. ఈ ఆఖరిది కొంచెం మండే గుణం ఉన్నది, దానికి వేరే సామాను కావాలి, దీన్ని ఈ పద్ధతిలో చేయకండి. ఒకదాన్లో ఒకటి కలపడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

ఆర్-134ఎ సిస్టమ్ అయితే పోర్టులు (గేజీ హోసులు తగిలించే చోట్లు) నొక్కి పెట్టే రకం, లో సైడ్‌ది 13 మిల్లీమీటర్లు, హై సైడ్‌ది 16, కాబట్టి తారుమారుగా పెట్టాలన్నా పట్టవు. నీలం హోస్ లో సైడ్‌కి, ఎర్రది హై సైడ్‌కి, మధ్యలో పసుపుది పంపుకో సిలిండర్‌కో. కొన్ని గంటలుగా ఇంజన్ ఆపి ఉన్న బండికి గేజీలు తగిలిస్తే రెండు వైపులా ఒకే ప్రెషర్ చూపిస్తుంది. అది నీడలో గాలి ఉష్ణోగ్రతని బట్టి ఉంటుంది: ఆర్-134ఎ 20 డిగ్రీల దగ్గర సుమారు 68 పీఎస్ఐ, 30 దగ్గర 97, 35 దగ్గర 114, 40 దగ్గర 133. దీనికన్నా బాగా తక్కువుంటే గ్యాస్ బాగా పోయింది. బాగా ఎక్కువుంటే లోపల గాలి గానీ వేరే గ్యాస్ గానీ కలిసింది, అప్పుడు మొత్తం తీయించేసి మళ్లీ మొదలుపెట్టడమే. ఈ అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉన్నట్టు కాదు, లోపల ఒక చెంచాడు లిక్విడ్ మిగిలున్నా ఇదే ప్రెషర్ చూపిస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు.

మరీ చవగ్గా వస్తోందని పేరు ఊరు లేని సిలిండర్ మాత్రం కొనకండి. 2011లో ఆర్-134ఎ పేరుతో ఆర్-40 అనే వేరే రసాయనం కలిపిన దొంగ గ్యాస్ ఓడల మీద వెళ్లే ఫ్రిజ్ కంటెయినర్లలోకి ఎక్కింది, అది అల్యూమినియంతో కలిసి గాలి తగలగానే అంటుకునే పదార్థంగా మారి కంటెయినర్లు పేలాయి, మనుషులు చనిపోయారు.

లీక్ పట్టుకోవడం

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా కొంచెం బయటికి వస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది, కాబట్టి ముందు కళ్లతోనే వెతకండి. హోస్‌కీ మెటల్ చివరకీ కలిపి నొక్కిన చోట నల్లగా తడిగా మట్టి మచ్చ, చుట్టూ మిగతా పైపంతా పొడిగా బూడిద రంగులో. వేలు పెడితే జిడ్డు తగులుతుంది. ఇంజన్ ఆయిల్ జిడ్డయితే పైనుంచి కారినట్టు చారలు ఉంటాయి, ఇది మాత్రం ఒక్కచోటే చుట్టూ ఉంగరంలా ఉంటుంది.

వరసగా చూడాల్సినవి: కంప్రెషర్ క్లచ్ వెనక షాఫ్ట్ సీల్ (కారితే క్లచ్ ప్లేటు చుట్టూ, పైన బానెట్ లోపలి వైపు గీతలా ఆయిల్ చిందుతుంది), సర్వీస్ పోర్టుల్లోని పిన్నులు, ప్రతి జాయింట్ ఓరింగు, రాళ్లు తగిలే కండెన్సర్ ముందు భాగం, చాసిస్ కింద క్లాంపు ఊడిపోయి ఇనుముకి రాసుకునే హోసు. బస్సుల్లో, వెనక ఇంజన్ ఉండే క్యాంపర్ వ్యాన్లలో ఈ చివర నుంచి ఆ చివరికి మీటర్ల కొద్దీ పైపు పోతుంది, కింద పడుకుని ప్రతి క్లాంపూ చేత్తో తడిమి చూడాల్సిందే, దానికి అడ్డదారి లేదు. పిన్నుల విషయం తమాషాగా ఉంటుంది, టైరు వాల్వ్‌లో ఉండే రకం పిన్నే, మూత తీసి సబ్బు నీళ్లు ఒక చుక్క వేస్తే బుడగ మెల్లగా ఉబ్బి పగిలి మళ్లీ ఉబ్బుతుంది. అంత చిన్న సామాను కోసం జనం కంప్రెషర్లు మార్చేస్తుంటారు.

కూలింగ్ కాయిల్ లోపల దాక్కుని ఉంటుంది కాబట్టి కనపడదు, దానికి ఎలక్ట్రానిక్ డిటెక్టర్ ముక్కు నీళ్లు కారే డ్రెయిన్ పైపు దగ్గర పెట్టి చూడాలి, గ్యాస్ బరువు కాబట్టి కిందికే దిగుతుంది. బ్లోవర్ ఆపి పావుగంట ఆగి పెట్టండి, లేకపోతే గాలికి చెదిరిపోయి ఏమీ పట్టుకోదు.

విప్పడం, బిగించడం

గ్యాస్ మొత్తం తీయించేశాక, గేజీలు రెండూ సున్నా చూపిస్తున్నాయని నిర్ధారించుకున్నాకే జాయింట్ వదులు చేయండి. ఎప్పుడూ రెండు పానాలు వాడాలి, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి, లేదంటే అల్యూమినియం పైపు మెలి తిరిగిపోతుంది. విప్పిన ప్రతి మూతికీ వెంటనే ప్లాస్టిక్ మూతో శుభ్రమైన కవరో కట్టేయండి. ఆర్-134ఎ సిస్టమ్‌లలో వాడే ప్యాగ్ ఆయిల్ గాల్లో తేమని గబగబా పీల్చేస్తుంది, డబ్బా మూత తీసి పెట్టి వేరే పని చూసుకుని వస్తే ఆ ఆయిల్ పారేయాల్సిందే.

విప్పిన ఓరింగు మళ్లీ వాడకండి, ఎంత బాగున్నట్టు కనిపించినా సరే. కొత్తది ఆర్-134ఎకి సరిపడే రబ్బరుదే ఉండాలి, సైజు వేలితో సాగదీసి సరిపెట్టకూడదు. దాని మీద కొంచెం ఆయిల్ రాసి పెట్టి, ముందు చేత్తో తిప్పి దారి పట్టించి, తర్వాతే పానా. హోస్ నొక్కిన చోట లీక్ అయితే జూబ్లీ క్లిప్పు బిగించి ఆపుదాం అనుకోవద్దు, హై సైడ్‌లో ఎండకి 250 పీఎస్ఐ వరకూ పోతుంది, క్లిప్పు ఆగదు. హోస్ తీసుకెళ్లి హైడ్రాలిక్ ప్రెస్ మీద కొత్త చివర నొక్కించుకు రండి.

డ్రయర్ బాటిల్ మాత్రం సిస్టమ్ విప్పిన ప్రతిసారీ మార్చాలి. లోపల తేమ పీల్చే గింజలు ఉంటాయి, గాలి తగిలి ఒకసారి నిండిపోయాక దాని పని అయిపోయినట్టే. కొత్త బాటిల్‌కి మూతలు అన్నిటికంటే ఆఖర్న తీసి, వెంటనే బిగించి, వెంటనే పంపు పెట్టేయాలి.

ఆయిల్ లెక్క జాగ్రత్త. కంప్రెషర్ మారుస్తుంటే పాతదాన్లోంచి ఆయిల్ ఒక కొలత గ్లాసులో వంచి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాసుకోండి, కొత్తదాన్లో ముందే పోసి ఉన్న ఆయిల్ తీసి సరిగ్గా అంతే పోయండి. కొత్తవి చాలావాటిలో సిస్టమ్ మొత్తానికి సరిపడా ఆయిల్ పోసి వస్తుంది, అలాగే పెట్టేస్తే పాత పైపుల్లో ఉన్నదీ కలిసి ఎక్కువైపోతుంది, ఎక్కువైన ఆయిల్ కాయిల్ గోడలకి పట్టి చల్లదనం తగ్గిస్తుంది. తక్కువైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ప్యాగ్‌లో 46, 100, 150 అని చిక్కదనాలు ఉంటాయి, బస్సుల పెద్ద కంప్రెషర్లు చాలావాటికి పీఓఈ ఆయిల్, స్టిక్కర్ మీద ఏముంటే అదే. పాత ఆయిల్‌ని టిష్యూ మీద వేసి చూడండి. తేటగా ఉంటే సంతోషం. నల్లగా ఉండి వెండి రంగు పొడి మెరుస్తుంటే కంప్రెషర్ లోపల అరిగిపోయి ముక్కలు సిస్టమ్ అంతా పోయాయని అర్థం, అప్పుడు పైపులు ఫ్లష్ చేయాలి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, డ్రయర్ మార్చాలి, సన్న దారుల కండెన్సర్ అయితే ఫ్లష్ పనిచేయదు కాబట్టి అదీ మార్చాలి. వెనక కాయిల్ కూడా ఉన్న బండి అయితే అటు పైపుల్లో, అటు వాల్వ్‌లో కూడా చెత్త ఉంటుంది, అది వదిలేస్తే కొత్త కంప్రెషర్ కూడా పోతుంది.

నైట్రోజన్ పెట్టి చూడటం

అన్నీ బిగించాక గ్యాస్‌తో టెస్ట్ చేయకండి, నైట్రోజన్ వాడండి. సిలిండర్‌లో రెండు వేల పీఎస్ఐ పైనే ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా కలిపితే సిస్టమ్ పేలుతుంది, ఇది మాట వరసకి చెప్పట్లేదు. ముందు 50, తర్వాత 100, ఆఖరికి 150 పీఎస్ఐ, అంతకు మించొద్దు, లో సైడ్ కాయిల్ అంతకన్నా ఎక్కువకి తయారుచేసి ఉండదు. ఆక్సిజన్ పొరపాటున కూడా వద్దు, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది, టైర్లకి కొట్టే కంప్రెస్డ్ గాలీ వద్దు, తేమ మొత్తం లోపలికి పోతుంది.

150 దగ్గర వాల్వ్ మూసి అన్ని జాయింట్లకీ సబ్బు నురగ రాయండి. పెద్ద బుడగలే కాదు, ఒక నిమిషం ఆగి చూస్తే తెల్లగా మెత్తగా పొంగే సన్న నురగ కూడా లీకే. తర్వాత కనీసం గంట, వీలైతే రాత్రంతా వదిలేయండి. పొద్దున కొంచెం తగ్గితే కంగారు పడకండి, 10 డిగ్రీలు చల్లబడితే 150 దగ్గర 5 పీఎస్ఐ పైచిలుకు దానంతటదే తగ్గుతుంది, అందుకని ప్రెషర్‌తో పాటు గాలి ఉష్ణోగ్రత కూడా రాసి పెట్టుకోండి. అంతకంటే ఎక్కువ తగ్గితే మళ్లీ సబ్బు నీళ్లు పట్టుకోండి.

వాక్యూమ్

నైట్రోజన్ మెల్లగా వదిలేసి పంపు తగిలించి రెండు వాల్వులూ తెరవండి. పంపు పని గాలి తీయడం ఒక్కటే కాదు, లోపలి నీటి తడిని మరిగించి ఆవిరిగా లాగడం. 25 డిగ్రీల దగ్గర నీళ్లు మరగాలంటే గేజీ మీద సుమారు 29 ఇంచుల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ రావాలి, కాబట్టి 25 ఇంచులు వచ్చిందిలే అని ఆపేస్తే తడి అక్కడే ఉంటుంది. ఎత్తైన ప్రదేశాల్లో గేజీ తక్కువ చూపిస్తుంది, ప్రతి 300 మీటర్ల ఎత్తుకి సుమారు ఒక ఇంచు తగ్గించి లెక్కేసుకోండి. మైక్రాన్ గేజి (వాక్యూమ్‌ని చాలా కచ్చితంగా కొలిచేది) ఉంటే 500 మైక్రాన్ల కిందకి దించండి, అది ఉంటే ఈ ఎత్తుల గొడవ కూడా ఉండదు.

చిన్న కారుకి అరగంట సరిపోతుందేమో కానీ పొడుగు పైపులు, రెండు కాయిళ్లు ఉన్న బండికి గంటన్నర రెండు గంటలైనా నడపండి, విప్పి రోజుల తరబడి ఉంచిన సిస్టమ్ అయితే ఇంకా ఎక్కువ. వెనక కాయిల్‌కి సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) ఉంటే దానికి కరెంటిచ్చి తెరిచి ఉంచాలి, లేకపోతే ఆ సగం సిస్టమ్ వాక్యూమ్ సరిగా అవ్వదు. తర్వాత వాల్వులు మూసి, పంపు ఆపి, అరగంట చూడండి. ముల్లు కదలకూడదు. మైక్రాన్ గేజిలో కొంచెం పెరిగి ఒకచోట ఆగితే ఇంకా తేమ ఉంది, ఆగకుండా పెరుగుతూ పోతే లీక్ ఉంది. వాక్యూమ్ నిలబడింది కాబట్టి లీక్ లేదు అనుకోవడానికి లేదు, ఇందులో ఒత్తిడి తేడా 15 పీఎస్ఐ కూడా ఉండదు, పైగా లోపలికి లాగుతుంది, 150 దగ్గర కారే ఓరింగు ఇందులో చక్కగా మూసుకుని కూర్చుంటుంది. నైట్రోజన్ టెస్ట్ దాటేయొద్దని అంటున్నది అందుకే.

గ్యాస్ ఎక్కించడం

పసుపు హోస్ సిలిండర్‌కి బిగించి, సిలిండర్ కొంచెం తెరిచి, మానిఫోల్డ్ దగ్గర హోస్‌లో గాలిని ఒక్క క్షణం బయటికి పోనిచ్చి బిగించండి. సిలిండర్‌ని కాటా మీద పెట్టి అంకెని సున్నా చేయండి.

ఇంజన్ ఆపి ఉండగా, సిలిండర్ తలకిందులు చేసి, ఎర్ర వాల్వ్ మాత్రం తెరిచి లిక్విడ్ హై సైడ్‌లోకి ఎక్కించండి. వాక్యూమ్ ఉంది కాబట్టి జర్రున లాక్కుంటుంది, కాటా అంకె పరుగెడుతుంది, సగం దాకా వచ్చాక దానంతటదే నెమ్మదిస్తుంది. అప్పుడు ఎర్ర వాల్వ్ మూసేయండి, మూశారో లేదో రెండోసారి కూడా చేత్తో చూసుకోండి. ఇంజన్ నడుస్తుండగా ఈ వాల్వ్ తెరిస్తే కంప్రెషర్ ప్రెషర్ మొత్తం సిలిండర్‌లోకి పోతుంది, ఈ పనిలో మనుషులకి దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇలాగే.

ఇంజన్ స్టార్ట్ చేసే ముందు కంప్రెషర్‌ని చేత్తో ఒక పది పదిహేను చుట్లు తిప్పండి. పుల్లీ కాదు, దాని ముందున్న క్లచ్ ప్లేటు, షాఫ్ట్‌కి కలిసుండేది అదే. లోపల లిక్విడ్ చేరి ఉంటే మొదట గట్టిగా తగిలి తర్వాత వదులవుతుంది. నేరుగా ఇంజన్‌తో తిప్పితే లిక్విడ్ నొక్కబడదు కాబట్టి వాల్వు ప్లేట్లు విరుగుతాయి.

తర్వాత సిలిండర్ నిటారుగా పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ ఫుల్లు, ముందూ వెనకా బ్లోవర్లు ఫుల్లు, తలుపులు తెరిచి, ఇంజన్ 1200 నుంచి 1500 ఆర్పీఎం దగ్గర ఉంచండి. ఇప్పుడు నీలం వాల్వ్ కొంచెం కొంచెం తెరిచి ఆవిరి రూపంలో ఎక్కించండి, లో సైడ్ 50 పీఎస్ఐ దాటకుండా. సిలిండర్ చల్లబడి మంచు పట్టి గ్యాస్ రావడం నెమ్మదిస్తుంది, గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో పెట్టండి, మంట చూపించడం, మరిగే నీళ్లు పోయడం వద్దు. ఆర్-407సి అయితే ఈ ఆవిరి పద్ధతి పనికిరాదు, అది మూడు గ్యాసుల మిశ్రమం, ఆవిరిగా తీస్తే పాళ్లు మారిపోతాయి, లిక్విడ్‌గానే చాలా సన్నగా వదలాలి.

కాటా మీద స్టిక్కర్ అంకె రాగానే ఆపేయండి. ఇంకో వంద గ్రాములు వేస్తే ఇంకా చల్లగా వస్తుందనేది ఉత్త భ్రమ, ఎక్కువైతే కండెన్సర్‌లో చోటు చాలక చల్లదనం తగ్గుతుంది, ఇంజన్ మీద బరువూ పెరుగుతుంది. స్టిక్కర్ చిరిగిపోయిన బండి అయితే ఇలా: హై సైడ్ ప్రెషర్ 200 పీఎస్ఐ ఉందనుకోండి, ఆర్-134ఎ ఆ ప్రెషర్‌లో లిక్విడ్‌గా మారేది సుమారు 55 డిగ్రీల దగ్గర. డ్రయర్ దాటాక లిక్విడ్ పైపు మీద థర్మామీటర్ కట్టి చూస్తే 48 ఉందనుకోండి, తేడా 7. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉన్న సిస్టమ్‌లో ఈ తేడా 5 నుంచి 8 డిగ్రీలు వచ్చేదాకా కొంచెం ఎక్కించి పది నిమిషాలు ఆగి మళ్లీ చూసుకుంటూ పోవాలి. సైట్ గ్లాసులో (లిక్విడ్ పైపు మీద లోపలికి కనిపించే చిన్న గాజు కిటికీ) బుడగలు పోవడం ఒక్కటే చూసి ఆపితే ఆర్-134ఎలో లెక్క తప్పుతుంది. బస్సు యూనిట్లలో ఆ గ్లాసు మధ్యలో రంగు చుక్క ఉంటే మాత్రం చూడండి, పచ్చగా ఉంటే పొడి, పసుపు తిరిగితే తేమ.

రీడింగులు ఏం చెప్తున్నాయి

బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు లో సైడ్ 30 నుంచి 45, హై సైడ్ 200 నుంచి 250 పీఎస్ఐ మధ్య ఉంటే బాగున్నట్టే. లోపలికి పీల్చే గాలికీ బయటికి వచ్చే గాలికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. రెండు గేజీలూ తక్కువ ఉంటే గ్యాస్ తక్కువ. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ ఉండి రెండూ దగ్గర దగ్గరగా వచ్చేస్తుంటే కంప్రెషర్ లోపల అరిగిపోయింది. లో సైడ్ వాక్యూమ్‌లోకి జారిపోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వో డ్రయరో మూసుకుపోయింది. కాసేపు బాగా వచ్చి, ఆగి, మళ్లీ వస్తుంటే తేమ వాల్వ్ దగ్గర మంచు కట్టి కరుగుతోంది, అంటే డ్రయర్ మళ్లీ మార్చి వాక్యూమ్ మళ్లీ కొట్టాలి. రెండూ ఎక్కువ ఉంటే వెంటనే గ్యాస్ తీసేయకండి, కండెన్సర్ మీద నీళ్లు చల్లి చూడండి. హై సైడ్ ఒక్కసారిగా దిగి లోపల చల్లదనం పెరిగితే గొడవ ఫ్యాన్‌లోనో దుమ్ములోనో ఉంది. పెద్దగా మారకపోతే గ్యాస్ ఎక్కువైంది లేదా గాలి కలిసింది.

వెనక ఒక్కటే చల్లగా రాకపోతే, ముందు బాగుంటే, గ్యాస్ గురించి ఆలోచించక్కర్లేదు, వెనక సోలినాయిడ్ కానీ వెనక ఎక్స్‌పాన్షన్ వాల్వ్ బల్బు (లైటు కాదు, ఉష్ణోగ్రత పసిగట్టే చిన్న గొట్టం) కానీ చూడండి. ఆ బల్బు కాయిల్ నుంచి బయటికి వచ్చే పైపుకి గట్టిగా అంటుకుని, చుట్టూ ఇన్సులేషన్ టేప్ చుట్టి ఉండాలి, అది ఊడి వేలాడుతుంటే వాల్వ్‌కి అసలు ఉష్ణోగ్రతే తెలీదు.

ఇంజన్ ఆపాక హోసులు తీసి, పిన్నుల మీద ఆఖరిగా ఒక చుక్క సబ్బు నీళ్లు వేసి, లోపల ఓరింగు ఉన్న మూతలు బిగించండి, ఆ మూత కూడా ఒక సీలే, పోగొట్టుకుంటే కొత్తది కొనండి. తేదీ, ఎన్ని గ్రాములు, ఏ ఆయిల్ ఎన్ని మిల్లీలీటర్లు, ఆ రోజు బయటి ఉష్ణోగ్రత, రెండు రీడింగులు ఒక కాగితం మీద రాసి స్టిక్కర్ పక్కన అతికించేయండి. చలికాలంలో కూడా వారం పది రోజులకోసారి పది నిమిషాలు ఏసీ వేస్తూ ఉండండి, షాఫ్ట్ సీల్‌కి ఆయిల్ తగులుతూ ఉంటుంది. నెల్లాళ్ల తర్వాత ఇంచుమించు అదే ఉష్ణోగ్రత ఉన్న రోజు గేజీలు మళ్లీ తగిలించి, కాగితం మీద రాసిన అంకెలతో పోల్చి చూసుకోండి.